నీళ్ళ దగ్గర రెబ్కా

పిల్లలకు వేసవి క్యాంపు పెట్టేవాళ్ళు ముందుగా పాటల గురించి, చివరి రోజు బహుమతుల గురించి ఆలోచిస్తారు. నీళ్ళు ఎందులో పోస్తామన్నది ఎవరూ ఆలోచించరు. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో రెబ్కా ఆలోచిస్తుంది. నాలుగేళ్ళుగా ఆమెకు వేరే ఆలోచన లేదు.

రెబ్కా మిరప కోతల కూలి. మే నెలలో చేలో పని ఉండదు కాబట్టి చర్చిలో జరిగే పిల్లల క్యాంపుకు వంట, నీళ్ళు చూసేది. గట్టిగా నవ్వే మనిషి. నాలుగేళ్ళ కిందట చర్చి నీళ్ళ డ్రమ్ము పగిలింది. రైతు వెంకయ్య తన నీలం డ్రమ్ము ఇచ్చాడు. పత్తికి మందు కలిపే డ్రమ్ము. సర్ఫ్ వేసి తనే కడిగి మరీ పంపాడు. మా వైపు అందరం అంతే. కడిగితే మందు పోతుందనుకుంటాం. రెబ్కా అందులో నిమ్మకాయ నీళ్ళు కలిపింది. తీపికి వాసన తెలియలేదు. పిల్లలు వాంతులు చేసుకున్నారు. గుంటూరు ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చారు, జయకుమారి పెద్దకూతురు ఫెబా తప్ప.

పాస్టర్ గారు దేవుని చిత్తమన్నారు. దేవుడు పత్తికి మందు కొట్టడు. జయకుమారి మాత్రం రెబ్కాను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే రెబ్కాకు కాస్త ఊపిరాడేదేమో.

అప్పటినుంచి రెబ్కా నీళ్ళు తన ఇంటి స్టీలు బిందెల్లోనే తెస్తుంది. ముక్కు ఆనించి వాసన చూస్తుంది. ముందు తను తాగి, ఒక పాట అయ్యేదాకా ఆగి, అప్పుడు పిల్లలకు పోస్తుంది. ఒక్కోసారి మంచి నీళ్ళలోనూ ఆమెకు ఆ వాసనే వస్తుంది. పారబోస్తుంది. ఈ యేడు జయకుమారి తన చిన్నకూతురు మహిమను మొదటిసారి క్యాంపుకు పంపింది. ఆ పిల్ల క్షేమంగా ఇల్లు చేరితే చాలు, రెబ్కాకు ఇంకేమీ వద్దు.

మొన్న కరెంటు లేక మోటారు ఆడలేదు. ఎండ ముదరకముందే బిందెలు ఖాళీ అయ్యాయి. క్యాంపులో పాటలు నేర్పేది నేనే, ఆపేశాను. ఎవరి గొంతూ లేవడం లేదు. అప్పుడు వెంకయ్య బండి మీద బిందె పెట్టుకుని వచ్చాడు. ఫెబా పోయాక ఆయన చర్చి గేటు దాటడం అదే మొదలు.

"ఎందులో తెచ్చారండీ?" అంది రెబ్కా.

"మా ఇంట్లో బిందేనమ్మా. మా మనవలు తాగేదే."

"ఆ రోజూ కడిగే పంపానన్నారు."

వెంకయ్య తల దించుకున్నాడు. "కడిగా రెబ్కా. నా చేత్తోనే కడిగా."

రెబ్కా బిందె మీద వంగి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఏందత్తా, పోలీసు కుక్కలాగా ఎంతసేపు చూస్తావ్!" అని ఒకడు అరిచాడు. పిల్లలంతా నవ్వారు.

"నోరు ముయ్‌రా," అని నేను వాడి మీదికి వెళ్ళాను. రెబ్కా కూడా అటు తిరిగింది. ఆ కాస్తలో మహిమ గ్లాసు ముంచుకుని గటగటా తాగేసింది.

రెబ్కా గ్లాసు లాగి విసిరేసింది. మహిమను ఎత్తుకుని అరుగు మీద కూలబడింది. దాని రెప్పలు ఎత్తి చూసింది, నోరు తెరిపించి చూసింది. వెంకయ్య అదే బిందెలోంచి తానూ తాగి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మిగతా పిల్లలను నేను ఇళ్ళకు పంపేశాను. మహిమ ఇంటికి తాళం వేసి ఉంది. జయకుమారి మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళింది.

వేడికి మహిమకు కునుకు పట్టింది. ఆ రోజు ఫెబా వాంతి చేసుకోలేదు. నిద్రొస్తోందని రెబ్కా ఒళ్ళోనే పడుకుంది. ఎండకు అలిసిందిలే అని రెబ్కా విసురుతూ కూర్చుంది. ఇప్పుడు మహిమ రెప్ప వాలితే చాలు, బుగ్గ తడుతోంది.

"నిద్రపోకే తల్లీ. ఏదో ఒకటి చెప్పు. మీ టీచర్ పేరు చెప్పు."

"చెప్పాగా అత్తా! నాకు నిద్దరొస్తంది!"

నీళ్ళు మంచివని నాకు తెలుసు, వెంకయ్యకు తెలుసు, రెబ్కాకూ తెలిసే ఉంటుంది. తెలిస్తే ఏం లాభం?

సాయంత్రం జయకుమారి వచ్చింది. మిరప ఘాటుకు మండే చేతులకు తడి కొంగు చుట్టుకుని ఉంది. తల్లిని చూడగానే మహిమ ఏడుపు అందుకుంది.

"అమ్మా, ఈ అత్త నన్ను పడుకోనీటల్లేదు!"

జయకుమారి వెంకయ్యను చూసింది, బిందెను చూసింది. రెబ్కా చేతులు వదులు చేసింది, తీసుకుపొమ్మన్నట్టు. జయకుమారి తీసుకోలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

"పడుకోనియ్యి రెబ్కా," అంది. "నేనూ చూస్తంటాగా."

మహిమ వెంటనే నిద్రపోయింది. రెబ్కా దాని గుండె మీద అరచెయ్యి పెట్టి, ఊపిరి తీసినప్పుడల్లా చెయ్యి లేవడం చూస్తూ కూర్చుంది. మసక పడుతున్నా ఎవ్వరం లేవలేదు.