పాలు ఆదివారం, సామాను బుధవారం

ఎల్బీనగర్ దగ్గర మేం కొనుక్కున్న ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన రోజే మా ఆయన ఇల్లు మార్చే కంపెనీల కోసం ఫోన్‌లో వెతికి, ఎక్కడో నా నంబరు ఇచ్చారు. ఆయన స్నానం చేసి వచ్చేదాకా నా ఫోన్ మోగుతూనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ పెద్ద దూరమేం లేదు. మెట్రో ఎక్కి సర్దుకుని కూర్చునేలోపు దిగాల్సిన స్టేషన్ వచ్చేస్తుంది. అయినా ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్పారు. అందరికంటే తక్కువ చెప్పినతను చాలా మర్యాదగా మాట్లాడాడు. సాయంత్రంలోగా అడ్వాన్స్ పంపితే ఆ రేటు ఖాయమన్నాడు. లోను, రిజిస్ట్రేషన్ అయ్యాక మేం ప్రతి ఖర్చుకీ వెనకాడుతున్న రోజులవి. పంపేద్దామనే అనుకున్నాను.

మేం అద్దెకున్నది దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ వెనక సందులో, మేడ మీద వాటాలో. కింద వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేది. బాలాపూర్ నుంచి కోడలిగా ఆ ఇంటికొచ్చింది, అక్కడే ఉండిపోయింది. మాది గుంటూరు వైపు. మొదట్లో నా మాట ఆవిడకీ, ఆవిడ మాట నాకూ వింతగా ఉండేవి. పెళ్లయిన కొత్తలో చేరిన మాకు ఆ తేడా ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఆ రోజు మెట్ల మీద కనబడితే అడ్వాన్స్ సంగతి చెప్పాను.

"వాని ఆఫీసు చూసినవా?" అంది.

"లేదమ్మా. ఎల్బీనగర్‌లోనే అంటున్నాడు."

"చూడకుండ ఇంటి సామాన్లన్ని ఎట్ల అప్పజెప్తవ్ బిడ్డా? పా, పోయి చూసొద్దాం."

"మీకెందుకమ్మా శ్రమ?"

"శ్రమేంది? నేను కోడలిగ ఒచ్చినకాంచి ఇల్లు మారలే. జర ఎట్లుంటదో నన్ను సూడనియ్యి."

ఇద్దరం షేర్ ఆటో ఎక్కాం. అతనిచ్చిన అడ్రసులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. షాపతను తలెత్తకుండానే, "గా కంపెనీ ఈడ లేదు మేడమ్. మీలెక్కనే శానామంది అడుగుతున్నరు" అన్నాడు. ఫోన్ చేస్తే, ఆఫీసు ఈమధ్యే వేరేచోటికి మారిందని, ముందు అడ్వాన్స్ వేస్తే మనిషిని పంపిస్తానని అటునుంచి జవాబు. ఓనరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "అయితే నీ ఆఫీసు సామాన్లు ఎవలు మోసిన్రు నాయనా?" అని అడిగింది. లైన్ కట్ అయింది. నాకు నవ్వాగలేదు. అడ్వాన్స్ పంపనందుకు మనసులోనే ఆవిడకి దండం పెట్టుకున్నాను.

తిరిగొస్తుంటే కొత్తపేట దగ్గర ఒక అపార్ట్‌మెంట్ ముందు లారీలోంచి సామాను దించుతున్నారు. ఓనరమ్మ ఆటో ఆపించింది. ఆ ఎండలో గోడ పక్కన నిలబడి, వాళ్లు ఫ్రిజ్ ఎలా పట్టుకుంటున్నారో, అద్దాల బల్ల ఎలా దించుతున్నారో చూశాం. ఎవరూ అరుచుకోవడం లేదు. సామాను తాలూకు ఇంటావిడ మంచినీళ్ల సీసాతో మెట్ల మీద కూర్చుని ఉంటే, ఓనరమ్మ వెళ్లి పక్కనే కూర్చుంది.

"మంచిగ చేస్తున్నరా బిడ్డా?"

"బాగానే చేస్తున్నారండీ. చెప్పిన టైముకే వచ్చారు. రేటు కూడా కాగితం మీద రాసిచ్చారు, ఇప్పటిదాకా ఎక్కువేం అడగలేదు."

మాకు ఆ మాట చాలు. వాళ్ల దగ్గరే నంబరు తీసుకున్నాం. మర్నాడు ఆ కంపెనీ ఓనరే మా ఇంటికొచ్చి గదిగదీ తిరిగి చూశాడు. మంచాలు, బీరువాలు, దివాన్, కూలర్, మా ఆయన కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి కొన్న పుస్తకాల గుట్టలు, అన్నీ చూసి పెద్ద బండే కావాలన్నాడు.

"చిన్న బండిల పట్టాలంటే ఏం జెయ్యాలె?" అంది ఓనరమ్మ, ఇల్లు మారేది తానే అయినట్టు.

అతను విసుక్కోలేదు. "పెద్ద బీరువా, దివాన్, కూలర్ ఈడనే ఇడిస్తే చిన్న బండి సరిపోతది. బట్టలు, బుక్కులు మీరే కట్టుకుంటే ప్యాకింగ్ ఖర్చు తగ్గుతది. ఇంకోటి, ముహూర్తం ఉన్న ఆదివారం ఒద్దు మేడమ్. ఆ రోజు అందరు మారుతరు, రేటు ఎక్కువుంటది. నడిమిట్ల ఏ బుధవారమో పెట్టుకోండ్రి" అన్నాడు.

అక్కడే చిక్కొచ్చింది. మాతోనే ఉండే మా అత్తయ్య అప్పటికే పంతులుగారిని అడిగి ఆదివారం ఉదయం ముహూర్తం పెట్టించింది. ఆ మాట ఆవిడతో ఎలా అనాలా అని నేనూ మా ఆయనా మొహాలు చూసుకుంటుంటే, వంటింట్లోంచి ఆవిడే బయటికొచ్చింది.

"ముహూర్తం పాలు పొంగించడానికి గానీ బీరువాలకి కాదు కదా అమ్మాయ్. ఆదివారం దేవుడి పటం, పొయ్యి, పాలగిన్నె పట్టుకెళ్దాం. సామాను బుధవారం రానీ" అంది.

మా ఆయన తల్లి వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. పెళ్లిచూపులకి కూడా వర్జ్యం చూసిన మనిషి ఆవిడ.

ఆ వారమంతా ఇంట్లో సందడిగా గడిచింది. కిరాణా షాపు నుంచి తెచ్చిన అట్టపెట్టెలు సబ్బుల వాసన కొట్టేవి. పాత గైడ్లన్నీ మా ఆయన తన స్టూడెంట్లకి పంచేశారు. కూలర్ పాత సామాన్లవాడికి వేశాం. దివాన్, బీరువా ఓనరమ్మ కిందికి దింపించుకుంది. ఊరికే వద్దని, బదులుగా రెండు పెద్ద జాడీల నిండా మామిడికాయ తొక్కు పెట్టిచ్చింది. దాన్ని ఆవకాయ అనాలని అత్తయ్య, కాదు తొక్కేనని ఆవిడ చాలాసేపు వాదించుకున్నారు. వాదిస్తూనే ఇద్దరూ కలిసి బట్టలన్నీ దుప్పట్లలో మూటలు కట్టేశారు.

ఆదివారం పాలు పొంగాయి. బుధవారం పొద్దున్నే చిన్న బండి వచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్‌లో సామానుకి లిఫ్ట్ వాడకూడదని వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. మెట్ల మీద మోయడానికి ఇంకా డబ్బులు అడుగుతారేమోనని భయపడ్డాను. వచ్చిన మేస్త్రీ మాత్రం, "మా సార్ ముందే అడిగి తెల్సుకున్నడు మేడమ్, మెట్లే అని చెప్పి పంపిండు" అని మంచం బద్దలు భుజానికెత్తుకున్నాడు. మూడో అంతస్తు మలుపులో మా స్టూలు కాలు ఒకటి ఊడింది. మేం చూడకముందే అతనే వచ్చి చెప్పి, మేకు కొట్టి బిగించి మరీ ఇచ్చాడు.

మధ్యాహ్నం దాటేసరికి అంతా లోపలికి చేరింది. అత్తయ్య పొద్దున్నే కలిపి తెచ్చిన పులిహోర అందరికీ పెట్టింది. మోసినవాళ్లు హాల్లో గోడకి చేరబడి తిన్నారు. మాతోపాటే వచ్చిన ఓనరమ్మ గదులన్నీ తిరిగి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి, "గాలి మస్తు ఒస్తుంది బిడ్డా" అంది.

అందరూ వెళ్లాక మా ఆయన పరుపు పరిచి కూలబడ్డారు. టీ పెడదామంటే వడకట్టు ఏ పెట్టెలో పెట్టానో గుర్తు రాలేదు. అత్తయ్య పలచటి చేతిరుమాలు ఒకటి ఉతికిచ్చింది. దాంతోనే వడకట్టుకుని, విప్పని పెట్టెల మధ్య కూర్చుని ముగ్గురం తాగాం. రోడ్డు మీద విజయవాడ వెళ్లే బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. ఎవరికీ లేవాలనిపించలేదు.