ఒంటిగంట ఫోను

మా తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. కొట్లో గోడనిండా గడియారాలే, అన్నీ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కటి అర నిమిషం వెనకబడినా వాడికి ముద్ద దిగదు. పక్క కొట్లో గుండీలూ జిప్పులూ అమ్ముకునేది నేను, వాడి అక్కని. పనిలో వాణ్ణి మించినవాడు లేడు. అసూయలోనూ లేడు.

విమానంలో పనిచేసే పిల్లని ఏరికోరి చేసుకున్నాడు. మర్నాటి నుంచే ఏడుపు మొదలు.

“మూడొందల మందికి నవ్వుతూ కాఫీ ఇస్తుందక్కా! నాకు మాత్రం గ్లాసు ఠక్కున పెట్టి పోతుంది.”

ఆమె సెంటు రాసుకుంటే అనుమానం, మానేస్తే మరీ అనుమానం. పైలట్‌కి పెళ్లయిందో లేదో నన్ను ఆరా తీయమంటాడు. నేనేమన్నా ఆ పైలట్ మేనత్తనా?

ఈమధ్య ఆమెని సముద్రాల అవతలి ఊరి విమానానికి మార్చారు. వేళల కాగితం బీరువా తలుపుకి అంటించింది. పొద్దున ఎనిమిదికి బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంటకి దిగడం. “దిగగానే ఫోన్ చేస్తా” అంది. ఫోను సాయంత్రం ఐదింటికి వచ్చింది. ఇంకేముంది, మావాడికి ఒళ్లు మండిపోయింది.

“నాలుగు గంటలు ఎవడితో ఉందక్కా?”

“లగేజీ ఆలస్యమై ఉంటుందిరా.”

“నాలుగు గంటలా! నా చెవిలో పువ్వులు పెట్టకు. కాగితం ప్రకారం పోయేటప్పుడు ఐదు గంటలు, వచ్చేటప్పుడు పదమూడట. అదే దూరం, అదే విమానం. మధ్యలో ఎక్కడ దిగిందో!”

నాకూ బుర్ర తిరిగింది. అయినా నోర్మూసుకోమన్నాను. మూసుకుంటేగా!

రెండోసారీ ఐదింటికే ఫోను. ఆ ప్రయాణం నుంచి మరదలు బ్యాగుతో సరాసరి కొట్టుకే వచ్చింది. కొట్టుకొచ్చినవాళ్ల ముందే మావాడు విరుచుకుపడ్డాడు.

“దిగేది ఒంటిగంటకి, ఫోను ఐదింటికి! వాడి పేరేంటో చెప్పు!”

ఆమె చేతి గడియారం విప్పింది. పెళ్లికి ముందు వాడే బాగుచేసి ఇచ్చినది.

“అక్కడ ఒంటిగంటైతే ఇక్కడ ఐదు. ప్రయాణం పోనూ తొమ్మిది గంటలే, రానూ తొమ్మిది గంటలే. అక్కడ దిగాక అందరూ ముల్లు తిప్పుకుంటారు. నేను తిప్పలేదు. మీరు తిన్నారో, కొట్టు కట్టేశారో తెలుస్తుందని ఇలాగే ఉంచుకున్నాను.”

గడియారం బల్ల మీద పెట్టింది. “వెళ్తున్నా వదినా” అని నాతో మాత్రం చెప్పి, తన అక్క ఇంటికి పోయింది. గోడ మీది గడియారాలన్నీ ఒక్కసారే ఆరు కొట్టాయి. వెధవ గడియారాలు.

ఇప్పుడు ఆ గోడ మీద ఒకటి నాలుగు గంటలు వెనక నడుస్తోంది. తప్పు చూపిస్తోందని వచ్చినవాళ్లు చెబితే, “అది సరైనదే” అంటాడు తలెత్తకుండా.

బీరువా కాగితం ప్రకారం నిన్న ఆమె విమానం ఉంది. ఆ గడియారంలో ఒంటిగంట కొట్టింది. వాడు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వీధి దీపాలు వెలిగాయి. నేను షట్టరు దించి, “పదరా” అన్నాను.

“ఇంకాసేపు చూద్దామక్కా,” అన్నాడు, “లగేజీ ఆలస్యమై ఉంటుంది.”