తెల్ల స్కర్టు మీద రేగడి మరక

ఈ పొద్దు సాయంత్రం మూడో తరగతి చదివే నా కూతురు బడి గేటు దగ్గరే ఏడుస్తూ ఎదురొచ్చింది. తెల్ల స్కర్టు మీద లేత మరక చూసి పీటీ సార్ అందరి ముందూ "మీ ఇంట్లో సబ్బు కొనరా?" అని అడిగాడంట.

నాకు ఒళ్లు మండిపోయింది. బ్లీచింగ్ తగిలితే దానికి దద్దుర్లు వస్తాయి. అందుకే మన్ను ఎండేదాకా ఆగి దులిపి, కుంకుడు నురుగులో నానబెట్టి, నిమ్మచెక్కతో రుద్ది, నిన్నంతా ఎండలో వేశాను. తమిళనాడులో మా కోవిల్‌పట్టి రేగడి మరక అంతకన్నా పోదు.

నోటికొచ్చిన తెలుగు తిట్లన్నీ మర్యాదగా అరవంలోకి మార్చుకుంటూ లోపలికి పోయాను.

"సార్, ప్రేయర్‌కి పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారు?"

"గ్రౌండ్‌లోనే కదమ్మా."

"మీ ప్యాంటూ తెల్లదే కదా. ఒక్కసారి అక్కడ కూర్చుని లేవండి. నేనే ఉతికిస్తాను."

ఆయన గ్రౌండ్ వైపు చూశాడు, ప్యాంటు వైపు చూసుకున్నాడు. కూర్చోలేదు.

దయచేసి కింద కామెంట్లలో మరకల చిట్కాలు రాయకండి, నాకు వచ్చు. పిల్లల కింద చాప పరిచే బడి ఎక్కడైనా ఉంటే, అది చెప్పండి.