ఎత్తొద్దన్న చెంచమ్మ

"నా కొడుకు అసలు నడుస్తాడంటావా, పెద్దమ్మా?"

అడిగిన కరుణాకరం బయోకెమిస్ట్రీ చదివినవాడు. ఏడాది దాటినా కొడుకు నిలబడటం లేదు. మార్కాపురంలో పిల్లల డాక్టరు పరీక్షించి, బాగానే ఉన్నాడు, కొన్నాళ్లు చూద్దామన్నాడు. అయినా మనసు ఊరుకోక, తను పనిచేసే ల్యాబు వెనక మేకల కొట్టంలో ఉన్న చెంచమ్మ దగ్గరికి వచ్చాడు.

చెంచమ్మది కొమరోలు పక్క పల్లె. పెళ్లయినప్పటి నుంచీ సొంత మంద వెంటే తిరిగింది. బోర్లెండి, మేత కరువైన ఏడాది మందను తెగనమ్ముకొని, గిద్దలూరు దారిలోని ఈ చిన్న ల్యాబులో మేకల్ని చూసే పనికి కుదిరింది. ఎదిగే మెదడులో కొత్త కణాల్ని వాటి చోటికి చేర్చే ప్రోటీన్ ఒకటుంది. దాని ముక్కను మేకకు సూదితో ఎక్కిస్తే, ఆ ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ మేక నెత్తురులో తయారవుతుంది. దాన్ని వేరుచేసి మెరిసే రంగు అతికించడం కరుణాకరం పని. పరిశోధకులు కొనుక్కుంటారు.

ఆ ప్రోటీన్ లోపిస్తే పిల్లలకు నడక సరిగా రాదని చదివి ఉండటమే అతనికి చేటయింది. యాంటీబాడీ పనిచేస్తుందో లేదో చూడటానికి మైక్రోస్కోపు కింద పెట్టిన ఎలుక మెదడు పొరలో పచ్చని వెలుగు కనిపించినప్పుడల్లా కొడుకే గుర్తొచ్చేవాడు. ఒకసారి ఆ వెలుగును చెంచమ్మకూ చూపించాడు.

"మిణుగురు పురుగుల్ని పట్టి పెట్టినావా ఏంది సారూ?" అని పకపకా నవ్వింది.

ఇవాళ నవ్వలేదు. అప్పుడే ఈనిన మేక పక్కన పిల్ల లేవబోయి కూలబడింది. కరుణాకరం చటుక్కున చేతులు చాచాడు.

"ఎత్తమాక!" చెంచమ్మ అతని మణికట్టు పట్టుకుంది. "నీ వాసన అంటితే తల్లి దగ్గరికి రానీదు. లేచేదాకా పక్కన కూచునేదే మన పని."

పిల్ల మళ్లీ పడింది. చెంచమ్మ కదల్లేదు గానీ, కొంగు కొసను వేళ్లకు బిగించి చుట్టుకుంటోంది.

"నీకూ భయమేనా?"

"ల్యాకుండా పోతాదా? లెయ్యకుండానే పోయిన పిల్లల్ని ఎన్నింటిని చూసినానో."

పిల్ల వణుకుతూ లేచి పొదుగు వెతుక్కుంది. చెంచమ్మ ఊపిరి వదిలి, "నీ కొడుకును ఇంట్లో ఎవురెత్తుకుంటారు?" అంది.

"నేనే. పడతాడని కింద దించను."

"నీ పెండ్లాం ఊరుకుంటాదా?"

"రోజూ పోట్లాటే."

"బాగనే చేస్తాంది నీ పెండ్లాం!"

కరుణాకరం ఇప్పుడు రోజూ పాటిస్తున్నది ఆమె ఆ పూట చెప్పినదే: "డాక్టరు రమ్మన్నప్పుడు తీసుకపో, మానొద్దు. ఇంట్లో మటుకు బొంత పరిచి కింద వదులు నాయనా. చెయ్యి అందేంత దూరంలో కూచో. వాడు పడితే నీ మొగమే చూస్తాడు. నువ్వు నవ్వు."