చూద్దాం అక్క అంబులెన్సు ఎక్కిన రోజు

ఆఫీసులో ఆమెను అందరూ ‘చూద్దాం అక్క’ అంటారు. ఎవరేం చెప్పినా ఆమె నోట వచ్చే మొదటి మాట "చూద్దాం పదండి" అన్నదే. చిన్నప్పుడు పాలు పొంగాయని అమ్మ చెబితే పొయ్యి దాకా వెళ్లి చూసొచ్చేదట. "కన్నతల్లి మాటే నమ్మని పిల్ల, రేపు కట్టుకున్నవాణ్ణి ఏం నమ్ముతుంది?" అని అమ్మ బెంగ. కట్టుకున్నవాడు తెలివైనవాడు. "గ్యాస్ కట్టేశాను, కావాలంటే చూసుకో" అని ముందే అంటాడు. ఆమె చూసుకుంటుంది.

అంబులెన్సు డ్రైవర్లు వాడే యాప్ ఆమె బృందం రాసిందే. బయల్దేరేముందు ఒక బటన్ నొక్కితే, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందో సర్వర్‌ను అడిగి చెబుతుంది. దారి చూపించే మ్యాపు కూడా అందులోనే. ఒక్క డ్రైవర్ దగ్గర మాత్రం ఆ యాప్ దారి మధ్యలో మ్యాపుతో సహా కుప్పకూలుతోంది.

యాప్ ఎక్కడ కూలిందో చెప్పే క్రాష్ రిపోర్టులో, సర్వర్‌కు ప్రశ్న మోసుకెళ్లి జవాబు తెచ్చే హెచ్‌టీటీపీ లైబ్రరీ పేరు కనిపించింది. అది బయటివాళ్లు రాసిన కోడ్ కాబట్టి తిట్టడం తేలిక. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరూ దాన్నే తిట్టి, కొత్త వెర్షన్ పెట్టారు. అయినా కూలింది. సిగ్నల్‌ను తిట్టారు. ఆ డ్రైవర్ ఫోను ఆఫీసుకు తెప్పించి నొక్కి చూస్తే చక్కగా పనిచేసింది. ఇక తిట్టడానికి మిగిలింది డ్రైవర్ ఒక్కడే.

"ఫోను బాగానే ఉంది. అతనికే వాడటం రాదు," అన్నాడు మేనేజర్. "సోమవారం నుంచి బండి దింపి డిపోలో కూర్చోబెట్టమని రాస్తున్నాను."

ఎవరూ కళ్లతో చూడని తప్పుకు ఒక మనిషిని బండి దింపేస్తారా? ఆమెకు ఒళ్లు మండింది.

"అప్పుడే రాయకండి సార్. అతను ఎలా నొక్కుతాడో చూసొస్తాను."

మర్నాడు అంబులెన్సు ముందు సీటు తుడిచి, "కూర్చోండి అక్కా," అన్నాడు డ్రైవర్. ముఖంలో కళ లేదు. "నేనేం తప్పు చేస్తున్నానో మీరైనా చెప్పండి. మా ఆవిడ కూడా నీ చేతులే అంత అంటోంది."

ఒక ఇంటి దగ్గర ఆయాసపడుతున్న పెద్దాయనను ఎక్కించుకున్నారు. డ్రైవర్ బటన్ నొక్కాడు. జవాబు కోసం ఆగలేదు. జవాబు రావాల్సిన ఆ తెర మూసేసి, మ్యాపు పెట్టి, ఫోను స్టాండుకు తగిలించి బండి కదిలించాడు. సందు మలుపు తిరిగారో లేదో యాప్ మాయమైంది.

"చూశారా? ముట్టుకోనైనా లేదు!" అని ఆమెతో అని, వెనకున్న నర్సుకు కేకేశాడు. "ఆసుపత్రికి మీరే ఫోన్ చెయ్యండమ్మా!"

ఆమె చూసింది. మిగతా డ్రైవర్లు జవాబు వచ్చేదాకా ఆ తెర ముందే ఆగుతారు. ఇతను ఆగడు. వెనక ఒక మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే ఎలా ఆగుతాడు? ఆఫీసులో జవాబు రెప్పపాటులో వస్తుంది కాబట్టి తెర మూసే వ్యవధే ఉండదు. రోడ్డు మీద ఆలస్యమవుతుంది. ఒకణ్ణి కబురుకు పంపి, వాడు వచ్చేలోపు ఇల్లే లేకుండా చేస్తే వాడు కబురు ఎవరికి చెబుతాడు? లైబ్రరీ పాపం జవాబు తెచ్చింది. అందుకోవడానికి తెర లేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో యాప్ రాసినవాళ్లెవరూ దానికి చెప్పలేదు. అందుకే యాప్ మొత్తం కూలుతోంది.

తెర మూసినా జవాబు పోకుండా వేరేచోట అందుకుని, గొంతుతో చదివి వినిపించేలా ఆమె మార్చింది. రిపోర్టులో "డ్రైవర్ తప్పు లేదు, తప్పు మాది" అని రాసి కింద తన పేరు పెట్టింది. ఆ పేరు పెట్టినందుకు ఆమెకు నామోషీ అనిపించలేదు, గర్వంగా అనిపించింది.

మేనేజర్ చదివి, "బాగైందంటున్నావుగా, నమ్ముతాను," అన్నాడు.

పరీక్ష కోసం బండి తెచ్చిన డ్రైవర్ గుమ్మంలోనే ఉన్నాడు. "నమ్మడం ఎందుకు సార్? ఎక్కండి, చూద్దాం పదండి!"

మేనేజర్ ముందు ఎక్కాడు, ఆమె వెనక. డ్రైవర్ ఎప్పటి వేగంతోనే నొక్కి, మూసి, కదిలాడు. మలుపు వచ్చింది. మ్యాపు అలాగే ఉంది. ఫలానా ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందని ఫోను తాపీగా చెప్పింది.

డ్రైవర్ బండి పక్కకు ఆపి, ఇంటికి ఫోన్ కలిపి మేనేజర్ చేతిలో పెట్టాడు. "మా ఆవిడకు మీరే చెప్పాలి సార్."

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ ఆయన చేతుల్లో ఏ లోపమూ లేదు. బండి ఆయనదే."

"మీరు చూశారా?" అందావిడ.

"చూశానమ్మా. కళ్లారా చూశాను."

వెనక సీట్లో చూద్దాం అక్కకు ఛాతీ ఉప్పొంగింది.