సైనైడు దిబ్బ మీద ఒకే వరుస

గనుల్లో సైనైడుతో కడిగి బంగారం తీసుకున్నాక మిగిలిన పిండిలాంటి మట్టిని చాంపియన్ రీఫ్స్ గని పక్కన కొండల్లా పోసి వదిలేశారు. వాటిని మేం సైనైడు దిబ్బలంటాం. పోయిన చలికాలంలో ఆ దిబ్బ కింద గొర్రెలు మేపే అవ్వకు వారంలో రెండు గొర్రెపిల్లలు పోయాయి. ఆండర్సన్‌పేటలో ఒకరు తోడేలును చూశారు, మాలూరు రోడ్డులో ఇంకొకరు చూశారు. చూసినవాళ్లందర్నీ కలిపి, తోడేళ్లు ఎనిమిదని ఊరు తేల్చింది.

నేనా లెక్క నమ్మలేదు. లైబ్రరీలో తోడేళ్ల మీదున్న రెండు పుస్తకాలనూ అట్టలు ఊడేదాకా చదివినవాణ్ణి. ఈడొచ్చిన తోడేలు తాను పుట్టిన మందను వదిలి, సొంత చోటు వెతుక్కుంటూ ఒంటరిగా ఎన్నో మైళ్లు పోతుంది. అందరూ చూసింది దాన్నే అయ్యుండాలి. దిబ్బ మీద ఒకే వరుసలో ఉన్న అడుగులు అవ్వకు చూపించి, నాలుగు రోజుల్లో దాని దారిన అది పోతుందన్నాను.

ఆమె అప్పటికే పురుగుమందు డబ్బా తెచ్చి చూరులో పెట్టుకుంది.

"పుస్తకం నీది, గొర్రెలు నావి అప్పా," అంది. "నాలుగు దినాలు చూస్తాను. ఇంగొక పిల్ల పోయిందంటే మాంసానికి పూసి పెట్టేస్తా."

మూడో రోజు పొద్దున ఒక్కణ్ణే పైకెక్కాను. వాననీళ్లు కోసిన గండి దగ్గర ఆ వరుస విడిపోయింది. రెండు జతల పెద్ద అడుగులు, వాటి చుట్టూ నిమ్మకాయంత చిన్నవి లెక్కలేనన్ని. తోడేళ్లు ఒకదాని అడుగులో ఒకటి అడుగేసి నడుస్తాయని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అది చదివి కూడా, వరుస ఒకటైతే తోడేలూ ఒకటేనని చెప్పేశాను. ఇది ఎక్కడికీ పోయేది కాదు, పిల్లలు పెట్టిన జంట.

అవ్వకు నిజం చెప్తే, మందు పూసిన ఆ మాంసం ఈ గండిలోకే వస్తుంది. కాళ్లతో అడుగులన్నీ చెరిపేశాను.

దిగేసరికి అవ్వ కిందే నిలబడి ఉంది.

"ఎన్ని ఉండాయి?"

"ఒకటే అవ్వా."

నాకు మోకాళ్ల దాకా అంటిన మట్టిని చూసింది.

"ఒకదానికి అంతసేపు తొక్కినావా?"

ఆ సాయంత్రం అవ్వ గొర్రెల దొడ్డిని ఇంటిగోడ దగ్గరికి మార్చి, చుట్టూ తుమ్మకంప వేసుకుంది. డబ్బా మాత్రం పారేయకుండా చూరులోనే ఉంచింది. మామిడి పిందెలు పడేదాకా రోజూ పొద్దున్నే దిబ్బ ఎక్కి, గండి వైపు ఆమె చెప్పుల జాడ ఏమైనా పడిందేమోనని చూసేవాణ్ణి.