సెలూన్ బాబాయి తువ్వాలు

ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందురోజు సెలూన్ బాబాయి దుకాణం అల్లుడికి వదిలేసి, భుజాన తువ్వాలుతోనే మైదానానికి వచ్చేస్తాడు. ఇనప కంచె కన్నాల్లో వేళ్లు దూర్చి, తన జట్టు ప్రాక్టీసు చూస్తూ, చేదు మందు మింగినట్టు మొహం పెడతాడు. ఈసారి గోల్ కొట్టాల్సినవాడు బంతిని ఆకాశంలోకి తన్ని, వెంటనే జుట్టు సవరించుకున్నాడు. ఆ క్రాపు నిన్న బాబాయి చేసిందే.

"థూ! గోల్ పోయిందన్న సిగ్గు లేదు, పాపిడి చెదిరిందని బెంగ! ఎంత శ్రద్ధగా కత్తిరించాను, నా చేతులు పడిపోను!"

పక్కనున్న బావమరిది నవ్వాడు. "అయితే రేపు మ్యాచ్‌కి రావా, బావా?"

"నా చెప్పులు కూడా రావు."

అంతలో ఇంకో బంతి కంచె దాటి, బురదలో దొర్లి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. లోపలినుంచి ఆ క్రాపువాడే కుక్కని పిలిచినట్టు ఈల వేశాడు. బాబాయికి ఒళ్లు మండింది. బంతిని మురుక్కాలవలోకి తన్నేద్దామని కాలు లేపాడు. లేపిన కాలు దించి, వంగి, బంతి ఎత్తుకుని, గడ్డం గీసిన మొహాన్ని తుడిచినంత మెత్తగా తువ్వాలుతో బురదంతా తుడిచి లోపలికి విసిరాడు. వాడు ఇటు చూడనైనా లేదు.

బాబాయి తువ్వాలు వంక చూసుకుని, "ఛీ, నా బతుకు!" అన్నాడు. నాలుగడుగులు వేసి బావమరిది వైపు తిరిగాడు.

"ఒరేయ్, రేపు పెందలాడే రా. ముందు వరుస దొరకదు."